జిగురు ఆరేలోపు

"నాకూ చేయాలనే ఉంటుంది గానీ టైమ్ ఎక్కడిది?"

క్రాఫ్ట్ గురించి మాట ఎత్తిన ప్రతిసారీ ఫ్రెండ్స్ దగ్గర వినిపించే డైలాగ్ ఇది. ఈ మాట అన్నవాళ్ల ఫోన్ తీసి చూడండి. సేవ్ చేసుకున్న క్రాఫ్ట్ వీడియోలు వందల్లో ఉంటాయి. మాక్రమే, రెజిన్, జర్నలింగ్, కాన్వాస్ మీద గుడ్డముక్కలు... అన్నీ సేవ్‌లో భద్రంగా ఉంటాయి. అక్కడి నుంచి బల్ల మీదకు మాత్రం రావు.

నేను విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇల్లు గాజువాక వైపు, ఆఫీసు రుషికొండ వైపు. అంటే ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. వారంలో 2 రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. క్లయింట్ బ్రిటన్‌లో ఉంటాడు కాబట్టి మనకు మధ్యాహ్నం అయ్యాకే వాళ్లకు తెల్లారుతుంది. నా డ్యూటీ మధ్యాహ్నం 1.30కి మొదలై రాత్రి 10.30కి అయిపోతుంది. అయిపోవాలి, కనీసం. ఈ హడావుడిలోనే ఏడాదిన్నరగా మిక్స్‌డ్ మీడియా బొమ్మలు చేస్తున్నాను. ఇప్పటికి 11 పూర్తయ్యాయి. నెలకు ఒకటి కూడా కాదు. అయినా పూర్తయ్యాయి!

ఉదయం 5 గంటలకు లేచి జీవితాన్ని మార్చేసుకోండి అని నేను చెప్పబోవడం లేదు. రాత్రి 11 తర్వాత అన్నం తినేవాళ్లకు ఆ సలహా ఇచ్చేవాళ్లంటే నాకు కొంచెం ఒళ్లు మంట. నేను చెప్పేది వేరే. ఏ పని ఎంత టైమ్ అడుగుతుందో, ఆ టైమ్ ఇంట్లో ఎవరి దగ్గరి నుంచి వస్తుందో, ఆ రెండింటి సంగతి.

పికాసో కంటే ముందే మన గోడ మీద

మిక్స్‌డ్ మీడియా అంటే పెద్ద పేరే గానీ విషయం సింపుల్. ఒకే బొమ్మలో రకరకాల సామాన్లు వాడటం. రంగు, కాగితం, గుడ్డ, దారం, పూసలు, గవ్వలు, రేకు, ఏదైనా సరే. ఆర్ట్ చరిత్ర పుస్తకాలు దీన్ని 1912 నుంచి లెక్కపెడతాయి. ఆ ఏడాది పికాసో ఒక బొమ్మలో కుర్చీ అల్లిక డిజైన్ ప్రింట్ చేసిన ఆయిల్ క్లాత్ ముక్క అతికించి, చుట్టూ అంచుకు నిజం తాడు కట్టాడు. అప్పట్లో అది సంచలనం.

మన ఇళ్లలో ఇదెప్పుడూ సంచలనం కాలేదు. నల్ల వెల్వెట్ గుడ్డ మీద పూసలు, చమ్కీలతో కుట్టిన నెమలి గాజు ఫ్రేమ్‌లో కూర్చుని ఎన్ని హాళ్లను పాలించిందో మీకు తెలుసు. పాత గాజులకు ఊలు చుట్టి కట్టిన తోరణాలు, గవ్వలతో చేసిన కోళ్లు, సంక్రాంతి బొమ్మల కొలువులో అట్టముక్కలతో లేచిన ఊరు... వీటన్నిటినీ "ఏదో తోచక చేసింది" అని ఒక్క మాటలో కొట్టిపారేశాం. అదే పని ఇప్పుడు హ్యాష్‌ట్యాగ్ తగిలించుకుని వస్తే వర్క్‌షాప్‌కి ఫీజు కడుతున్నాం. ఫీజు కట్టడం తప్పని కాదు. ముందు అమ్మనో అమ్మమ్మనో ఒకసారి అడిగి చూడండి అంటున్నానంతే.

ముక్కల టైమ్‌కి ముక్కల పని

మొదట నేను వాటర్ కలర్‌తో మొదలుపెట్టాను. నా రోజుకు అది కుదరలేదు. తడి కాగితం మీద రంగు పారుతున్నప్పుడు ఫోన్ మోగితే ఆ బొమ్మ అక్కడితో అయిపోయినట్టే. తడి ఆరిపోయి, అంచు గట్టిపడి, మళ్లీ కలపబోతే మరక పడుతుంది. నాకేమో 25 నిమిషాలు వరసగా ఫోన్ మోగని రోజు అరుదు.

మిక్స్‌డ్ మీడియా స్వభావమే వేరు. ఇందులో పని పొరలు పొరలుగా జరుగుతుంది. ఒక పొర వేశాక అది ఆరాలి. ఆరకుండా రెండోది వేస్తే కాగితం ఉబ్బుతుంది, రంగు బురద అవుతుంది. అంటే, మధ్యలో లేచి వెళ్లిపోవడం ఇక్కడ పనికి అడ్డం కాదు, పనిలో భాగమే. మనం మీటింగ్‌లో "కెన్ యూ సీ మై స్క్రీన్" అంటుండగా జిగురు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

నా లెక్క చెప్తాను. 5 నిమిషాలుంటే కాగితాలు చింపుతాను, గుడ్డముక్కలు రంగుల వారీగా వేరు చేస్తాను, నాలుగు కుట్లు వేస్తాను. ఇవి ఏ క్షణంలోనైనా ఆపగలిగే పనులు. 20 నిమిషాలుంటే ఒక పొర అతికిస్తాను. ఇది మాత్రం మధ్యలో ఆపితే కుదరదు కాబట్టి స్టాండప్ మీటింగ్‌కి ముందు చస్తే మొదలుపెట్టను. బేస్ కోట్ లాంటి బాగా తడిగా ఉండే పని రాత్రి లాగాఫ్ అయ్యాక. వేసి పడుకుంటే తెల్లారేసరికి ఆరిపోతుంది. ఆఫీసుకు వెళ్లే రోజు బస్సులో కత్తెర తీయలేం కదా! అప్పుడు పని ఫోన్‌లోనే. ముక్కలు అతికించకుండా ఊరికే పేర్చి రాత్రి తీసిన నాలుగైదు ఫోటోలు ఉంటాయి. ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో వాటిని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తాను. రంగులు తీసేస్తే ఎక్కడ మరీ చీకటయింది, ఎక్కడ ఖాళీగా తేలిపోయింది అన్నది వెంటనే కనిపిస్తుంది. మద్దిలపాలెం వచ్చేసరికి ఏ అమరిక ఉంచాలో తేలిపోతుంది.

రీల్స్‌లో ఈ ఆరే టైమ్ కనిపించదు. 30 సెకన్లలో అట్టముక్క కాస్తా కళాఖండం అయిపోతుంది. అది చూసి ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్క పూటలో పూర్తి చేయాలనుకుంటాం, తడి మీద తడి వేస్తాం, అట్ట వంకర తిరుగుతుంది, "నా చేతిలో లేదులే" అని లేచిపోతాం. చేతిలో లేకపోవడం కాదు అది. ఆరలేదంతే.

పైగా మనది సముద్రం పక్కన ఊరు. వేసవిలో ఫ్యాన్ కింద అరగంటలో ఆరే ఫెవికాల్ పొర, జులై, ఆగస్టుల్లో ముసురు పట్టిందంటే పూట తీసుకుంటుంది. హైదరాబాద్‌లో ఉండే నా ఫ్రెండ్ టైమింగ్‌లు నాకు పనికిరావు. వెనక వైపు కూడా ఒక కోటు జిగురు పూసి, రెండు బరువైన పుస్తకాల మధ్య పాలిథిన్ షీటు వేసి పెడితే అట్ట వంకర తిరగదు. నా ఇంజినీరింగ్ టెక్స్ట్ పుస్తకాలు ఇప్పుడు ఈ ఉద్యోగంలో ఉన్నాయి.

బేస్ కోసం ఖరీదైన గెసో డబ్బా కొననక్కర్లేదు. రెండు చెంచాల చాక్ పౌడర్, ఒక చెంచా ఫెవికాల్, ఒక చెంచా తెల్ల ఎక్రిలిక్ రంగు, కొంచెం నీళ్లు. దోసె పిండి కంటే కాస్త పల్చగా కలిపి, డెలివరీ బాక్సు అట్ట మీద రెండు కోట్లు వేస్తే చాలు. ఇక జిగురు. సినిమా పోస్టర్లకు వాడే ఉడికించిన మైదా జిగురు చవకైనదీ, మంచిదీనూ. కాకపోతే మన తేమకు బూజు పడుతుంది, బొద్దింకలకు విందు భోజనం. పాతకాలం బైండింగ్ వాళ్లు అందుకే అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ జోలికి పోవద్దు, ఫెవికాల్‌తోనే కానివ్వండి.

తుప్పు కూడా రంగే

విశాఖలో ఉంటూ నేను నేర్చుకున్న ఒక పని బెంగళూరులో ఉంటే బహుశా తోచేది కాదు. ఇక్కడ గాలిలో ఉప్పు. బాల్కనీ గ్రిల్‌కి రంగేసిన రెండేళ్లకే ఎర్ర మచ్చలు లేస్తాయి. స్టీల్ సిటీ అని పేరు పెట్టుకున్న ఊళ్లో ఇనుము మీద ఇన్ని తిట్లు ఇంకెక్కడా వినపడవేమో.

ఆ తుప్పునే బొమ్మలోకి తేవచ్చు. పాత తెల్ల కాటన్ గుడ్డను వెనిగర్‌లో తడిపి, పిండి, దాని మీద పాత మేకులు, వాషర్లు, విరిగిన తాళం చెవులు మీకు నచ్చినట్టు పేర్చండి. గుడ్డ చుట్టి పాలిథిన్ కవర్లో పెట్టండి. ఒకటి రెండు రోజులకు విప్పితే, ఇనుము తాకిన చోటల్లా నారింజ, ఇటుక, కాఫీ రంగుల్లో అచ్చులు పడతాయి. ఏ వాషర్ ఎలా అచ్చు వేస్తుందో ముందే చెప్పలేం. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, బాగా ఉతికి ఆరేయాలి. చేతికి గ్లోవ్స్ ఉండాలి. ఇంకో మాట, ఇనుము ఎక్కువగా పట్టిన గుడ్డ ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. కాబట్టి బట్టలకు కాదు, బొమ్మలకే.

అదే గుడ్డను చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచితే తుప్పు మచ్చలు చూస్తుండగానే నల్లబడతాయి. టీలో ఉండే టానిన్, ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. ఇది చూసి నేనేదో కొత్తది కనిపెట్టినట్టు మురిసిపోయాను గానీ, మన కలంకారీ కళాకారుల నలుపు రంగుకు ఆధారం ఇదే కెమిస్ట్రీ. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. గుడ్డకు ముందే కరక్కాయ పట్టించి ఉంచుతారు. కరక్కాయలో టానిన్ ఉంటుంది. కలం ఆ గుడ్డను తాకగానే గీత నల్లగా తేలుతుంది. కాలేజీలో కెమిస్ట్రీ పరీక్ష రాసి మర్చిపోయిన నాకు ఆ పాఠం వంటింటి సింకు దగ్గర అర్థమైంది.

యారాడ బీచ్‌కి వెళ్తే గవ్వలు ఏరుకొస్తాం కదా, వాటిని ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాకే అతికించండి. ఉప్పు తేమను లాగుతుంది, జిగురు ఊడిపోతుంది. లోపల ప్రాణి ఉన్నవి ముట్టుకోవద్దు. కొన్ని జాతుల గవ్వలు, శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. తెలియని పెద్ద గవ్వ కనిపిస్తే ఫోటో తీసుకుని వదిలేయడం మేలు.

ఏటికొప్పాకలో ఒక ఆదివారం

పోయిన చలికాలంలో ఒక ఆదివారం అమ్మ, నాన్నలతో ఏటికొప్పాక వెళ్లాను. విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. యలమంచిలి దాటి లోపలికి వెళ్తే వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్రతో, లక్కతో చేసే బొమ్మలకు పేరు. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మల మీదే, మూడో బహుమతి కూడా తెచ్చుకుంది.

ఆ పని దగ్గరగా చూస్తే మతిపోతుంది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బ్రష్ లేదు, ఆరబెట్టడం లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటి వాటితో తీసిన సహజ రంగుల్ని మళ్లీ ఈ పనిలోకి తేవడానికి ఈ ఊరి సి.వి.రాజు గారు దశాబ్దాలు కృషి చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అక్కడ నాకు అర్థమైన సంగతి ఒకటుంది. లక్క పని ముక్కల టైమ్‌లో అయ్యేది కాదు. కర్ర తిరుగుతున్నంతసేపూ కన్ను, చెయ్యి అక్కడే ఉండాలి. ఒక రంగు పక్కన ఇంకో రంగు ఎక్కడ ఆగాలో సెకన్ల లెక్క. మనలాంటివాళ్లం "రిలాక్సేషన్" అనుకునే పని వాళ్లకు కూలి, కరెంటు బిల్లు, కర్ర దొరకడం, దొరక్కపోవడం. అంకుడు కర్ర మునుపటిలా సులువుగా దొరకడం లేదు. ఖాళీ టైమ్‌లో చేసుకునే మనం, రోజంతా అదే పని మీద బతికే వాళ్ల దగ్గర బేరాలాడటం నాకైతే నచ్చదు. మనం చేసి చూశాక ఆ ధర తక్కువే అనిపిస్తుంది కూడా.

అమ్మ అక్కడ ఒక లేత్ ముందు చాలాసేపు నిలబడిపోయింది. నాన్న "పద, ఎల్లిపోదాం, ఎండెక్కుతోంది" అంటున్నా కదల్లేదు. ఇంటికి వచ్చాక రాత్రి మంచం కింద ట్రంకు పెట్టె లాగింది. అడుగున పాత దుప్పట్ల కింద ఒక మ్యాటీ క్లాత్ చుట్ట. విప్పితే క్రాస్ స్టిచ్‌తో చిలకల జంట. ఒక చిలక పూర్తిగా ఉంది. రెండోదానికి ముక్కు, ఒక రెక్క మాత్రమే. రెక్క చివర సూది గుచ్చినది గుచ్చినట్టే ఉంది. తుప్పు పట్టి, గుడ్డ మీద సన్నటి ఎర్ర గీత వదిలింది.

"నువ్వు పుట్టిన ఏడాది మొదలెట్టాను. మరి కుదరలేదు," అంది అమ్మ. అంతే. మళ్లీ చుట్టేసింది.

ఆ గంట ఎవరిది?

ఉద్యోగం చేస్తూ కళ సాగించినవాళ్ల గురించి చదవడం నాకు అలవాటు. నాకు బాగా ఇష్టమైన కథ నేక్‌చంద్‌ది. చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం. 1957 ప్రాంతం నుంచి డ్యూటీ అయ్యాక, ఊరి చివర అడవి లాంటి స్థలంలో, ఎవరికీ చెప్పకుండా విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, పారేసిన టైల్స్‌తో బొమ్మలు కడుతూ పోయాడు. సామాన్లు మోసింది సైకిల్ మీద. దాదాపు 18 ఏళ్ల తర్వాత గానీ అధికారులకు తెలియలేదు. అది ప్రభుత్వ భూమి, కూల్చేయాలి. కానీ జనం ఒప్పుకోలేదు. 1976లో రాక్ గార్డెన్‌గా తెరిచారు. ఆయనకు జీతం, పనివాళ్లను ఇచ్చి అక్కడే పని కొనసాగించమన్నారు. 1984లో పద్మశ్రీ వచ్చింది.

ఇంకొకాయన అమెరికాలో జోసెఫ్ కార్నెల్. న్యూయార్క్‌లో బట్టల కంపెనీల్లో ఉద్యోగం, ఇంట్లో తల్లి, కదల్లేని తమ్ముడు. వాళ్లు పడుకున్నాక వంటింటి బల్ల మీద కూర్చుని పాత పుస్తకాల బొమ్మలు, గాజు గ్లాసులు, గోలీలు, మ్యాపులు చెక్కపెట్టెల్లో పేర్చేవాడు. ఆ పెట్టెలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

రెండూ గొప్ప కథలే. కానీ చిలకల గుడ్డ చూశాక నాకు వేరే ప్రశ్న వచ్చింది. నేక్‌చంద్ సైకిలెక్కి వెళ్లిన ఆ సాయంత్రాల్లో ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు?

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ఉంది. ఇంటి పనుల్లో పాలుపంచుకునే వాళ్లలో ఆడవాళ్లు రోజుకు సుమారు 289 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతున్నారు. మగవాళ్లు 88. తేడా 3 గంటల పైన. ఆ 3 గంటల్లో ఎన్ని చిలకలు కుట్టొచ్చో లెక్కేసుకోండి.

మా ఇంటి సంగతే చూస్తే, నాన్న స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. మూడు షిఫ్టుల ఉద్యోగం. పొద్దున షిఫ్టయితే అమ్మ చీకటితో లేచి క్యారేజీ కట్టాలి. రాత్రి షిఫ్టయితే పగలు నాన్న పడుకున్న గదిలో గిన్నె చప్పుడు కాకూడదు. మమ్మల్ని కూడా నోరెత్తనిచ్చేది కాదు. షిఫ్టులు నాన్నవే గానీ వాటి ప్రకారం తిరిగింది అమ్మ గడియారం. ప్లాంట్ నాన్నకు వీక్లీ ఆఫ్ ఇచ్చింది. అమ్మకు ఎవరూ ఇవ్వలేదు.

నేను చేసే ఉద్యోగమే డేటాతో కాబట్టి, ఒక వారం పాటు షీట్ తయారు చేశాను. ముగ్గురం రోజూ ఇంటిపనికి ఎంత పెడుతున్నామో ఫోన్‌లో రాసుకోవడం. అమ్మ ముందు నవ్వింది. "ఇది లెక్కలేసి చెప్పాలేటి?" అంది. వారం చివర సగటు తీస్తే అమ్మకు 6 గంటల 40 నిమిషాలు, నాకు 50 నిమిషాలు, నాన్నకు 35. నాన్నవి మొక్కలకు నీళ్లు, పాల ప్యాకెట్లు, కూరగాయలు. అందులోనూ కూరగాయల దగ్గర కబుర్ల టైమ్ కలిపే ఉంది.

ఆ షీట్ టీవీ మీద వేసి చూపించాను. గొడవేమీ జరగలేదు. నాన్న కాసేపు చూసి, "నా ఉద్యోగం 35 ఏళ్లు కలపలేదుగా ఇందులో," అన్నాడు. నిజమే, న్యాయమైన పాయింటే. అమ్మ నింపాదిగా, "మీది అయిపోయింది కదా, నాకు రిటైర్మెంట్ ఎప్పుడు?" అంది. ఇంట్లో అందరం కాసేపు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు రాత్రి గిన్నెలు నాన్నవి. మధ్యాహ్నం షిఫ్టుకు ముందు కూరగాయలు తరగడం, బట్టలు మడత పెట్టడం నావి. ఇదేదో ఒక్క రోజులో సర్దుకుందని అనుకోకండి. మొదటి నెలంతా నాన్న కడిగిన గిన్నెల్ని అమ్మ మళ్లీ కడిగేది. జిడ్డు పోలేదని ఆమె, పోయిందని ఆయన. స్టవ్ తుడవడం గిన్నెల పనిలోకి వస్తుందా రాదా అన్నది మూడు వారాలు నడిచింది. వస్తుందని తేలింది. చుట్టాలొచ్చి "అన్నయ్యగారు గిన్నెలు తోముతున్నారేటి!" అని ఆశ్చర్యపోతే నాన్న, "సీ షిఫ్ట్ అమ్మా," అని జోకేసి తప్పించుకుంటాడు.

టైమ్ మేనేజ్‌మెంట్ యాప్‌లు చాలా వాడి చూశాను. పోమొడోరో, హ్యాబిట్ ట్రాకర్, అన్నీ. అవి నా గంటను ముక్కలు చేసి చూపిస్తాయి గానీ కొత్తగా ఒక్క నిమిషం ఇవ్వవు. ఇచ్చింది ఈ గిన్నెల ఒప్పందమే. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న నా క్లోజ్ ఫ్రెండ్ ఒకతి ఇది విని, "మా ఇంట్లో షీట్ చూపిస్తే షీటే మిగులుతుంది," అంది. ఆమె పరిస్థితి నాకు తెలుసు. ఆమెకు ఆఫీస్ లంచ్ బ్రేక్‌లో ఒక చిన్న టిన్ను డబ్బా, అందులో దారం, సూది, అరచేయంత గుడ్డ. రోజుకు 10 నిమిషాలు. ఇంట్లో దొరకని టైమ్‌ని ఆఫీసులో తీసుకుంటోంది. అదీ ఒక దారే, అందరికీ ఒకే ఇల్లు ఉండదు కదా.

రెండో చిలక

సాయంత్రం 4 నుంచి 5 వరకు బల్ల ఇప్పుడు అమ్మది. ఆ గంటలో నా ల్యాప్‌టాప్ కూడా పక్క గదికి వెళ్లిపోవాలి. ఫ్రిజ్ మీద కాగితం అతికించి మరీ రాసింది. మొదటి కొన్ని రోజులు ఆ గంటలో ఏమీ చేయలేదు. ఊరికే కూర్చుని రోడ్డు చూసింది. లేదంటే "పోనీ పప్పు నానబోస్తాను" అని లేవబోయేది.

చిలకల గుడ్డను నా బోర్డులో పెట్టుకుంటానని అడిగాను. వెంటనే "కత్తెర పెట్టావంటే ఊరుకోను, అది నాది," అంది. పూర్తి చేయమంటే, "ఆ గళ్లు లెక్కపెట్టడానికి చూపు ఆనదు," అంది. ఇలా నెల గడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం తనే పాత ఆకుపచ్చ చీర అంచు ఒకటి తీసి, రెండో చిలక కడుపు ఆకారంలో కత్తిరించి, గుడ్డ మీద పెట్టి చూసుకుంటోంది. సన్న గళ్లలో సూది దూర్చక్కర్లేదు. పెద్ద కుట్లతో చీరముక్కను కుట్టేస్తే చాలు. తోకకు నా డబ్బాలోంచి తుప్పు అచ్చు గుడ్డ ఎంచుకుంది, అడక్కుండానే. సూది వదిలిన ఎర్ర గీతను నేను దాచేద్దామంటే వద్దంది. దాని పక్కనే అదే రంగు దారంతో ఇంకో రెండు గీతలు కుట్టి దాన్ని కొమ్మ చేసేసింది. దీనికి మిక్స్‌డ్ మీడియా అని పేరుందని చెప్తే, "ఉంటే ఉండనీ," అంది.

ఒక చిలక 1990ల నాటి క్రాస్ స్టిచ్, ఇంకోటి చీరముక్కల కూర్పు. పక్కపక్కన పెడితే కొంచెం తేడాగానే కనిపిస్తాయి. ఒకటి బక్కది, ఒకటి బొద్దుది. ఈ వారం ముసురు కదా, వెనక అట్టకు పూసిన జిగురు ఇంకా తడిగానే ఉంది. శుక్రవారానికి ఆరితే ఫ్రేమ్ కట్టించడానికి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లాలి. రెండో చిలక కన్ను మాత్రం ఇంకా ఖాళీ. నేను పూస అంటున్నాను. నాన్న తన పాత యూనిఫాం గుండీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అమ్మ ఏదీ చెప్పడం లేదు.